సౌమ్యబలం: జాషువా క్రీస్తు కావ్యం

మహాకవి గుఱ్ఱం జాషువా (1895–1971) కృతులలో ‘గబ్బిలం’ మీద వచ్చినంత విమర్శ ‘క్రీస్తు చరిత్ర’ మీద రాలేదు. 1958లో వెలువడిన ఈ పద్యకావ్యానికి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. అయినప్పటికీ దీనిని మతగ్రంథంగా భావించి గౌరవంగా పక్కన ఉంచడమే ఎక్కువగా జరిగింది. ఈ అంచనా పునఃపరిశీలింపదగినది. క్లిష్టమైన నిర్ణయాలకు జాషువా ఎటువంటి బలాన్ని ఆశ్రయించాడో గ్రహించాలంటే ఈ రెండు కావ్యాలనూ కలిపి చదవడం అవసరం.

క్రైస్తవ సంప్రదాయంలో కఠిన నిర్ణయమనగానే గెత్సేమనే తోట స్ఫురిస్తుంది. మరణం ఎదుట నిలిచిన ఆ రాత్రి, రానున్న బాధ తొలగిపోవాలని క్రీస్తు ప్రార్థించాడు. చివరకు దైవసంకల్పాన్ని అంగీకరించాడు. తనను బంధించ వచ్చినవారిపై కత్తి దూసిన శిష్యుణ్ణి వారించాడు. భయాన్ని దాచుకోకపోవడం, ద్వేషాన్ని దరిచేరనీయకపోవడం, పూనిన పని నుంచి వెనుదిరగకపోవడం - ఈ మూడింటి కలయికే సువార్తలు చూపే సౌమ్యబలం. ఇది గత్యంతరం లేనివాని ఓర్పు కాదు.

ఈ భావాన్ని తెలుగువారి నాలుకపై నిలిపినది మొదట కీర్తన. బ్రాహ్మణ కుటుంబంలో జన్మించిన పురుషోత్తమ చౌదరి (1803–1890) 1833లో క్రైస్తవం స్వీకరించాడు. ఆనాడు మతాంతరమంటే బంధువర్గాన్నీ కులస్థానాన్నీ వదులుకోవడమే. ఆయన కీర్తనలు తెలుగు క్రైస్తవ సంఘాలలో నేటికీ వినిపిస్తున్నాయి. అయితే కీర్తన ప్రధానంగా విశ్వాసుల మధ్య పాడుకునేది. నమ్మినవారికి నమ్మకాన్ని గట్టిపరచేది. జాషువా ముందున్న సమస్య వేరు.

వినుకొండలో జన్మించిన జాషువాకు క్రైస్తవం ఇంటినుంచే సంక్రమించింది. తండ్రి యాదవుడు, తల్లి మాదిగ. గుంటూరులో లూథరన్ సంఘం నడిపిన ఉపాధ్యాయ శిక్షణాలయంలో ఆయన కొంతకాలం బోధించాడు. కులం కారణంగా సాహిత్యసభలో అవమానం పొందాడు. పురాణ కథలను కావ్యవస్తువుగా గ్రహించినందుకు స్వమతస్థుల ఆగ్రహానికీ గురయ్యాడు. విశ్వాసం సడలిన దశ కూడా ఆయన జీవితంలో ఉన్నదని జీవితచరిత్రకారులు చెబుతారు. ఇటు సభా అటు సంఘమూ దూరం పెట్టిన కవికి రెండు సులభమార్గాలు ఉండెను: మౌనం లేదా ప్రతిదూషణ. ఆయన ఆ రెండింటినీ కాదన్నాడు.

1941 నాటి ‘గబ్బిలం’లో ఈ నిర్ణయం స్పష్టంగా కనిపిస్తుంది. తంజావూరు ప్రాంతపు నిరుపేద దళితుడు తన ఆవేదనను గబ్బిలం ద్వారా కాశీ విశ్వనాథునికి పంపుతాడు. మనిషికి లేని ఆలయప్రవేశం గబ్బిలానికి ఉన్నదన్న ఒక్క కల్పనలోనే అంటరానితనంపై తీర్పు ఇమిడి ఉంది. మేఘసందేశ సంప్రదాయాన్ని తిరస్కరించకుండానే దానిచేత ఆ కవి కొత్త సత్యం పలికించాడు. క్రైస్తవ కుటుంబంలో పుట్టిన కవి శివునికి మొర పెట్టించడం కొందరికి వైరుధ్యంగా తోచవచ్చు. నిజానికి ప్రత్యర్థి దేవుణ్ణే న్యాయమూర్తిగా అంగీకరించగలగడం ద్వేషరహితమైన ధైర్యానికి గుర్తు.

పదిహేడేళ్ల తరువాత వచ్చిన ‘క్రీస్తు చరిత్ర’ ఈ పనికి రెండవ అర్ధభాగం. రామకథనూ భాగవతకథనూ వినడానికి అలవాటుపడిన పద్యశ్రోతల ముందుకు, ఆ పద్యంలోనే బెత్లెహేము బాలుని కథను ఆయన తెచ్చాడు. తనను నిరాకరించిన సంఘానికి దాని ప్రభువును కావ్యనాయకునిగా సమర్పించాడు. తనను అవమానించిన సభకు దాని ఛందస్సులోనే ఆ కథ వినిపించాడు. అప్పటికాయన వయస్సు అరవై దాటింది. గాయపడిన విశ్వాసం కక్షగా కాక కావ్యంగా పరిణమించడమే ఇందలి విశేషం.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. సౌమ్యతను ప్రశంసించేవారు దానిని బాధితునికే ఉపదేశించి, బాధించినవానిని విడిచిపెట్టే ప్రమాదం ఉంది. ‘క్రీస్తు చరిత్ర’ను విడిగా చదివితే సహనస్తుతిగా మాత్రమే మిగిలిపోవచ్చు. ‘గబ్బిలం’ అందుకు అవకాశమివ్వదు. ఆకలినీ, మూసిన ఆలయద్వారాన్నీ, కులాన్నీ అది పేరు పెట్టి పిలుస్తుంది. అన్యాయాన్ని అన్యాయమనే చెప్పిన తరువాతనే జాషువా క్షమను గానం చేశాడు. ఈ క్రమాన్ని తారుమారు చేయని విమర్శే ఆయన విశ్వాసానికీ కవిత్వానికీ న్యాయం చేయగలదు.