కాటిసీనులో మూడు జవాబులు

పావగడ తాలూకాకు మూడు వైపులా ఆంధ్ర సరిహద్దే. బడిలో కన్నడం, ఇంట్లో తెలుగు, సంతలో రెండూ. తెలుగు అక్షరం రానివాళ్లకు కూడా మన ఊళ్లలో తెలుగు పద్యం వచ్చు. అది పుస్తకంలోంచి రాలేదు, నాటకంలోంచి వచ్చింది. చనిపోయాక ఏమవుతుందన్న ప్రశ్నకు మనవాళ్లు చెప్పుకునే జవాబులు చాలావరకు ఇలా నోటిమీద వచ్చినవే. వాటిని సాహిత్యంగానే పరిశీలించాలనిపించి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మొదటిది హరిశ్చంద్ర. బలిజేపల్లి లక్ష్మీకాంతకవి నాటకంలో కాటిసీను రాగానే నటుడు గుర్రం జాషువా (1895–1971) 'శ్మశానవాటి' పద్యాలు అందుకుంటాడు. అవి నాటకకర్త రాసినవి కావు. నటులు తెచ్చి కలిపారు, జనం ఉంచుకున్నారు. ఈ కలయికలో ఒక విచిత్రం ఉంది. నాటకం నమ్మేది కర్మను, సత్యానికి దక్కే ఫలాన్ని, చివరకు దిగివచ్చే దేవతలను. జాషువా పద్యాల్లో ఇవేవీ కనపడవు. కవి కలమూ రాజు అధికారమూ అక్కడ ఒకేలా మాసిపోతాయి. స్వర్గం ఆశ లేదు, నరకం బెదిరింపు లేదు. అయినా 'వన్స్ మోర్' పడేది వాటికే. అలా కేకలు వేసిన జనమే, లోహితుడు లేచి కూర్చోగానే చేతులెత్తి మొక్కుతారు. రెండు నమ్మకాలూ ఒకే రాత్రి, ఒకే చాప మీద కూర్చుంటాయి.

నాకు లోపంగా తోచేది ఆ ముగింపు. కన్నడంలో రాఘవాంకుడి హరిశ్చంద్ర కావ్యంలోనూ బిడ్డ బతుకుతాడు. కథ అంతే, కాదనలేం. కానీ కొడుకును చేతులమీద మోసుకొచ్చిన చంద్రమతి ఏడుపుకు ఆ తర్వాత చోటు లేకుండా పోతుంది. చూసేవాళ్లలో నిజంగా బిడ్డను పోగొట్టుకున్న తల్లి ఉంటే, ఆమె ఇంటికి ఏం పట్టుకుపోవాలి? ఏ హామీ ఇవ్వని జాషువా పద్యమే ఆమెకు దగ్గర చుట్టం.

ఆ పద్యాల్లోనే ఇంకో మాట ఉంది. శ్మశానంలో అంటరానితనానికి తావులేదంటాడు కవి. నిప్పుకూ మట్టికీ అది నిజం. ఊరికి నిజం కాదు. కులానికో శ్మశానం ఉన్న ఊళ్లు మనకు తెలియనివి కావు. పద్యానికి చప్పట్లు కొట్టిన చేతులు మర్నాడు శవానికి దారి ఇవ్వకపోతే, రాగం విన్నామే తప్ప పద్యం వినలేదనే అర్థం.

రెండవది బ్రహ్మంగారి నాటకం. కందిమల్లాయపల్లెలో వీరబ్రహ్మంగారు సజీవసమాధిలోకి వెళ్లారని నమ్మకం. అక్కడ చావే లేదు, గురువు లోపల ఉన్నాడు. తాను చనిపోవడం లేదు గనుక ముత్తైదువ గుర్తులు తీయవద్దని గోవిందమ్మకు చెప్పాడంటారు. మట్టిలో కూర్చోబెట్టి లింగైక్యం అనుకునే వీరశైవులకు ఈ ఊహ కొత్త కాదు. ఈ నాటకానికి ప్రాణం మాత్రం ఆ మహిమ కాదు, సిద్ధయ్య దుఃఖం. ముస్లిం ఇంట పుట్టిన ఆ శిష్యుణ్ణి పువ్వులకని బనగానపల్లెకు పంపి గురువు సమాధిలోకి వెళ్తాడు. తిరిగివచ్చిన సిద్ధయ్య గుండె బాదుకుంటాడు. గురువుకు చావు లేదని నమ్మినవాడే అంతలా ఏడిస్తే, మామూలు మనిషి ఏడవడం తప్పెలా అవుతుంది? నమ్మకాన్ని నిలిపి, కన్నీటిని కూడా నిలిపింది గనుక ఈ విషయంలో హరిశ్చంద్ర ముగింపుకంటే ఇదే మెరుగని నా అభిప్రాయం.

మూడవది వేమన. ఆయన సమాధి చెప్పుకునే కటారుపల్లె మనకు దూరం కాదు. పక్కనున్న అనంతపురం జిల్లాలో పుట్టి మైసూరులో తెలుగు చెప్పిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు వేమనను ఎంత శ్రద్ధగా చదివారో ఆయన ఉపన్యాసాలే సాక్ష్యం. పితరుల పేర కాకులకు పిండం పెట్టడాన్ని వేమన ఎగతాళి చేస్తాడు. తర్కానికి తిరుగులేదు. కానీ కర్మనాడు కాకి రాకపోతే ఏం జరుగుతుందో చూడండి. పోయినవాళ్లకు ఏదో కోరిక మిగిలిందని పెద్దకొడుకు గొంతెత్తి, 'చెల్లెలి పెళ్లి నేను చేస్తానమ్మా, దిగులుపడొద్దు' అంటాడు. ఆ మాట వినేది కాకి కాదు, చుట్టూ నిలబడ్డ బంధువులు. నలుగురి ముందు ఇచ్చిన మాట కొడుకును కట్టేస్తుంది. పిండాన్ని కొట్టిన వేమన దెబ్బ ఈ మాటకు తగలదు, తగలకూడదు కూడా.

పోయినవాళ్లు ఎక్కడికి పోయారో ఈ మూడింటిలో ఏదీ తేల్చదు. ఉన్నవాళ్లచేత ఏం చేయిస్తుందన్నదే నేను పట్టుకున్న కొలత. ఆ కొలతకు జాషువా దారి అడుగుతాడు, సిద్ధయ్య ఏడవనిస్తాడు, వేమన ఖర్చు తగ్గిస్తాడు, కాకి మాట తీసుకుంటుంది.

చివరిగా ఒక మనవి. ఈ నాటకాల పద్యాలను మన నటులు కన్నడ లిపిలో నోటుబుక్కుల్లో రాసుకుంటారు. ఏ పద్యం ఎక్కడ చేర్చారో, ఏది తీసేశారో వాటిలోనే ఉంటుంది. ఇంట్లో పాత నోటుబుక్కు ఉంటే తూకానికి వేయకండి. మన తాతలు చావు గురించి ఏమనుకున్నారో చెప్పే పుస్తకం అదే.