గోరంత చదరంలో ఆట

పజిల్ ఆటకు ముఖచిత్రం గీసేవారి గొప్పతనం, నా దృష్టిలో, వదిలేయడంలోనే ఉంది. ఫోన్ ఆటకు ముఖచిత్రమంటే ఐకానే; యాప్ స్టోర్‌కు 1024 పిక్సెళ్ల చదరంగా ఇచ్చిన ఆ ఐకాన్ ఫోన్ తెర మీద వేలికొనంత అయిపోతుంది. 2014లో వచ్చిన పజిల్ ఆట మాన్యుమెంట్ వ్యాలీ నిండా కళ్లను మాయచేసే మెట్లు, గోపురాలు. ఐకాన్‌లో మాత్రం మొనదేలిన తెల్లటోపీతో కథానాయిక ఐడా ఒక్కతే. ఎంత ధైర్యం! చిక్కుముడి చూపకపోతే అది పజిల్ అని కొనేవారికెలా తెలుస్తుందని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఆ సంగతి స్క్రీన్‌షాట్లు చెబుతాయి. ఆడుతుంటే మనసెలా ఉంటుందో చెప్పాల్సింది ముఖచిత్రమే. అవార్డులు, రేటింగులు అచ్చేస్తే చాలదా అంటారేమో, కంప్యూటర్ ఆటలమ్మే స్టీమ్ 2022 సెప్టెంబరు నుంచి ముఖచిత్రాల మీద వాటిని రానివ్వడం లేదు. అక్కడ కొనేవారిని ఆపి చూపించే భారమంతా పేరుదీ బొమ్మదీ.