టామ్ తరవాత హక్: ఎప్పుడు, ఎవరికి?

ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు:
• ఒకే రచయిత రాసిన రెండు నవలలు రెండు రకాల పాఠకులను ఎందుకు కోరతాయో వివరించగలుగుతారు.
• కథానాయకుడి వయసును బట్టి పుస్తకాన్ని ఎంచడంలోని పొరపాటును గుర్తించగలుగుతారు.
• ఆరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లలకు నవలను సూచించే ముందు వేసుకోవలసిన ప్రశ్నలను చెప్పగలుగుతారు.

1. పరిచయం

"ఇది చదివేశాను, ఇలాంటిదే ఇంకొకటి ఇవ్వండి." ఉపాధ్యాయులుగానో, ఇంట్లో అక్కగానో, బాబాయిగానో మీరు ఈ మాట ఎప్పుడో ఒకప్పుడు వింటారు. అలా అడిగేవారికి సాధారణంగా 11 నుంచి 13 ఏళ్లు ఉంటాయి. వాళ్లు 'చందమామ' కథలను దాటి వచ్చారు. పెద్దల నవలలు ఇంకా అందవు. ఈ మధ్య దశకు దగ్గరగా ఉండేది కౌమార నవల. అయితే అది ప్రధానంగా హైస్కూలు వయసువారిని ఉద్దేశించినది. దానిని రెండు మూడేళ్లు ముందుగా ఒక పిల్లవాడి చేతికి ఇస్తున్నామంటే, ఆ ఎంపికకు బాధ్యత మనదే.

ఈ బాధ్యతను నేను ఒక పొరపాటు చేసి నేర్చుకున్నాను. ఒక వేసవి సెలవుల్లో మా వీధిలోని ఆరో తరగతి అబ్బాయికి మార్క్ ట్వేన్ 'టామ్ సాయర్' తెలుగు అనువాదం ఇచ్చాను. మూడు రోజుల్లో చదివేసి, ఇంకొకటి కావాలన్నాడు. అదే రచయిత, అదే నది, అవే పాత్రలు కదా అని ఆలోచించకుండా 'హకల్‌బెరీ ఫిన్' ఇచ్చాను. వారం తరవాత పుస్తకం తెచ్చి బల్లమీద పెట్టాడు. "ఇందులో నాన్న బాగోలేదు మాస్టారూ" అన్నాడు. ఆ సెలవుల్లో మళ్లీ నన్ను పుస్తకం అడగలేదు. ఆ పిల్లవాడి తండ్రి తాగి వచ్చి గొడవ చేస్తాడని వీధిలో అందరికీ తెలుసు. నాకూ తెలుసు. పుస్తకం ఇచ్చేటప్పుడు గుర్తు రాలేదు.

అయితే అలాంటి పిల్లవాడికి ఆ నవల ఇవ్వకూడదా? ఈ పాఠం ఆ ప్రశ్నకు సమాధానం వెతుకుతుంది.

2. రెండు నవలలు: పోలిక

'టామ్ సాయర్' 1876లో వెలువడింది. 'హకల్‌బెరీ ఫిన్' 1884 చివర ఇంగ్లండులోను, 1885లో అమెరికాలోను వెలువడింది. రెండింటినీ తెలుగులోకి తెచ్చినవారు నండూరి రామమోహనరావు. 'ఆంధ్రజ్యోతి' సంపాదకులుగా, 'విశ్వరూపం' రచయితగా ఆయన మీకు పరిచయమై ఉండవచ్చు.

'టామ్ సాయర్'లో భయం లేదనుకోవడం పొరపాటు. టామ్ శ్మశానంలో హత్యను కళ్లారా చూస్తాడు. గుహలో బెకీతో కలిసి దారి తప్పుతాడు. కాని ఈ నవలలో ప్రతి భయానికీ బయటికి దారి ఉంది. టామ్ సాక్ష్యం చెబితే న్యాయస్థానం వింటుంది. పిల్లలు గుహనుంచి తిరిగి వస్తే ఊరంతా పండగ చేసుకుంటుంది. పెద్దలు కొంత అమాయకులే అయినా నమ్మదగినవారు. పైగా కథ చెబుతున్నది నవ్వుతూ మాట్లాడే ఒక పెద్దమనిషి. పిల్లవాడికీ భయానికీ మధ్య ఆయన నిలబడి ఉంటాడు.

'హకల్‌బెరీ ఫిన్'లో ఆ పెద్దమనిషి లేడు. పదమూడు పద్నాలుగేళ్ల హక్ తన కథ తానే చెబుతాడు. తండ్రి అతన్ని కొడతాడు, గుడిసెలో పెట్టి తాళం వేస్తాడు, మత్తులో కత్తి పట్టుకొని వెంటపడతాడు. ఊరికి కొత్తగా వచ్చిన న్యాయమూర్తి తండ్రినీ బిడ్డనూ విడదీయనంటాడు. హక్ ఈడువాడే అయిన బక్ రెండు కుటుంబాల పగలో చనిపోతాడు. అంతకన్నా ముఖ్యమైనది జిమ్ కథ. హక్‌కు ప్రార్థన నేర్పే భక్తురాలు మిస్ వాట్సన్. తన బానిస జిమ్‌ను 800 డాలర్లకు అమ్మే ఆలోచన చేస్తున్నదీ ఆమే. అది విని జిమ్ పారిపోతాడు.

అసలు తేడా ఇక్కడ ఉంది. మొదటి నవలలో చెడ్డపని చేసేది చెడ్డవాడు. రెండో నవలలో మంచివాళ్లనిపించుకున్నవారు, చట్టం, బడి, గుడి అన్నీ అన్యాయం పక్షాన ఉన్నాయి. హక్ కూడా ఆ ఊరి పిల్లవాడే కాబట్టి, జిమ్‌ను పట్టివ్వకపోవడం పాపమని నిజంగానే నమ్ముతాడు. జిమ్ ఎక్కడున్నాడో తెలుపుతూ యజమానురాలికి ఉత్తరం రాస్తాడు. తరవాత నరకానికి పోయినా సరేనని దాన్ని చించేస్తాడు. తాను తప్పు చేస్తున్నానని హక్ అంటున్నాడు. అతను చేసేదే ఒప్పు అని పాఠకుడు గ్రహించాలి. కథకుడి మాటను యథాతథంగా నమ్మే దశలో ఉన్న పిల్లలకు ఈ ఘట్టం తలకిందులుగా అర్థమవుతుంది. కనుక కథానాయకుడి వయసు పాఠకుడి వయసు కాదు.

3. ముగింపు పెట్టే పరీక్ష

ఈ నవల ముగింపును విమర్శకులు చాలాకాలంగా తప్పుపడుతున్నారు. జిమ్ బందీగా ఉన్న చోటికి టామ్ వస్తాడు. సులభంగా విడిపించగలిగిన మనిషిని, సాహసకథల్లో చదివిన పద్ధతిలోనే విడిపించాలని రోజుల తరబడి ఆట ఆడిస్తాడు. మిస్ వాట్సన్ చనిపోతూ రెండు నెలల కిందటే జిమ్‌కు స్వేచ్ఛ ఇచ్చిందని టామ్‌కు ముందే తెలుసు. ఈ ఆటలోనే టామ్ కాలికి తుపాకిగుండు తగులుతుంది. జిమ్ తన స్వేచ్ఛను వదులుకొని అతని దగ్గర నిలబడతాడు.

కళాదృష్టితో ఇది లోపమేనని నేనూ ఒప్పుకుంటాను. కాని పుస్తకాలు సూచించే వ్యక్తికి ఈ లోపం చాలా ఉపయోగపడుతుంది. నవల పూర్తిచేసిన పిల్లలను "టామ్ మళ్లీ వచ్చినప్పుడు నీకేమనిపించింది?" అని అడగండి. "భలే సరదాగా ఉంది" అంటే ఆ చదువరి ఇంకా మొదటి నవలలోనే ఉన్నాడు. అందులో తప్పేమీ లేదు. రెండేళ్ల తరవాత మళ్లీ చదువుతాడు. "జిమ్‌ను ఎందుకలా ఏడిపిస్తున్నారు?" అని కోపం వచ్చినట్లయితే, ఆ చదువరి నదిమీద హక్‌తో కలిసి పెరిగాడు. ఇక పెద్ద పుస్తకాలు ఇవ్వవచ్చు.

4. నవలలోని మాట, మన తరగతి గది

1885లోనే అమెరికాలోని కాంకర్డ్ పట్టణ గ్రంథాలయం ఈ నవలను తొలగించింది. అప్పటి అభ్యంతరం మొరటుతనం గురించి. నేటి అభ్యంతరం వేరు. నల్లజాతివారిని అవమానించే ఒక మాట మూలంలో రెండువందలకు పైగా సార్లు వస్తుంది. 2011లో ఒక అమెరికన్ ప్రచురణ సంస్థ ఆ మాట తీసి, 'బానిస' అనే అర్థమిచ్చే మాట పెట్టి వేరే ప్రతి తెచ్చింది.

ఈ వివాదం మనకు దూరమైనది కాదు. కులం పేరునే తిట్టుగా వాడే వాడుక మన ఊళ్లలో ఉంది. ఆ కులానికి చెందిన పిల్లలు మన తరగతిలో కూర్చుని ఉంటారు. అలాంటి మాట ఉన్న పుటను ఉపాధ్యాయుడు ముందుమాట లేకుండా గట్టిగా చదివితే, ఆ పిల్లలకు వినిపించేది సాహిత్యం కాదు, పాత అవమానం. మాటను చెరిపివేస్తే అన్యాయం ఎంత మామూలై ఉండేదో తెలియదు. అందువల్ల మాటను ఉంచి, అది ఎవరి నోట, ఎందుకు వచ్చిందో ముందుగా చెప్పడమే మంచిదని నా అభిప్రాయం. ఆ చర్చకు సమయం లేకపోతే తరగతిలో చదవడం మానుకోవాలి.

ఇంకొక పరిమితి కూడా చెప్పాలి. గుహలో ధైర్యమంతా టామ్‌ది, కన్నీళ్లు ఎక్కువగా బెకీవి. ఆడపిల్లలకు ఇవి మాత్రమే ఇచ్చి ఊరుకోకూడదు.

5. సూచించే ముందు మూడు ప్రశ్నలు

(అ) నేను ఈ పుస్తకాన్ని చివరి పుట దాకా, ఇదే ప్రతిలో చదివానా? సంక్షిప్త ప్రతుల్లో తండ్రి కథనో జిమ్ బాధనో తగ్గిస్తే మిగిలేది తెప్పమీద విహారం మాత్రమే.

(ఆ) ఇందులోని కష్టం ఈ పిల్లల ఇంట్లో ఉన్నదా? ఉంటే, అది పుస్తకం ఇవ్వకపోవడానికి కారణం కాదు; ఒంటరిగా వదలకపోవడానికి కారణం. మా వీధి అబ్బాయికి బహుశా అందరికంటే ఎక్కువగా ఆ నవల అవసరం. నేను మొదటి అధ్యాయాలప్పుడు పక్కన ఉండవలసింది.

(ఇ) మధ్యలో వదిలేసే స్వేచ్ఛ ఇచ్చానా? "నచ్చకపోతే తెచ్చెయ్యి, ఇంకొకటి చూద్దాం" అన్న మాట పుస్తకంతో పాటే ఇవ్వాలి. ఆ మాట లేకపోతే పుస్తకాన్ని తిరిగి ఇచ్చిన పిల్లలు మళ్లీ మన గుమ్మం తొక్కరు.

సారాంశం

'టామ్ సాయర్'ను ఆరో తరగతి పిల్లలు తమంతట తాము చదువుకోగలరు. 'హకల్‌బెరీ ఫిన్' ఎనిమిదో తరగతిలో, మాట్లాడటానికి ఒక పెద్దవారు తోడుగా ఉన్నప్పుడు ఇవ్వదగినది. ఈ తేడా భాష కష్టంవల్ల వచ్చింది కాదు. మంచివాళ్లు కూడా అన్యాయం చేయగలరన్న ఎరుకవల్ల, కథకుడి మాట వెనుక ఉన్న నిజాన్ని పట్టుకోవలసి రావడంవల్ల వచ్చింది. పుస్తకాన్ని ఎరగడం సగం పని. పుచ్చుకునే పిల్లవాణ్ని ఎరగడం మిగతా సగం.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. రెండు నవలల్లో కథ చెప్పే వ్యక్తి మారడంవల్ల పాఠకుడి మీద కలిగే ప్రభావాన్ని పది పంక్తుల్లో వివరించండి.
2. మీరు చదివిన ఒక తెలుగు నవలను తీసుకొని, పై మూడు ప్రశ్నల ఆధారంగా ఏ తరగతి పిల్లలకు సూచిస్తారో కారణాలతో రాయండి.