జన్మపాపం, విశ్వాసం, రక్షణ: ఒక పరిశీలన

మానవుడు పుట్టుకతోనే పాపి అనీ, సిలువ మరణాన్ని విశ్వసించడం తప్ప అతనికి విమోచన మార్గం లేదనీ చెప్పే రెండు మాటలు క్రైస్తవ మతాన్ని గురించిన చర్చలో జంటగానే వినవస్తాయి. విమర్శకులు కూడా వీటిని విడదీయరు. ఆదాము చేసిన తప్పుకు అతని సంతతి దోషులు కాజాలరని నిరూపించి, దానితో విశ్వాసం ద్వారా రక్షణ అనే సిద్ధాంతం కూడా కూలిపోయిందని తృప్తి పడతారు. ఇది తొందరపాటు. ఈ రెంటికీ పుట్టుక వేరు, చరిత్ర వేరు.

జన్మపాప సిద్ధాంతానికి పాశ్చాత్య క్రైస్తవంలో స్థిరరూపం ఇచ్చినవాడు ఉత్తర ఆఫ్రికాలోని హిప్పో నగర బిషప్పు అగస్టీన్ (354-430). ఆయన వాదానికి ముఖ్యాధారం, పౌలు రోమీయులకు వ్రాసిన పత్రికలోని 5వ అధ్యాయం 12వ వచనం. ఒక మనిషి ద్వారా పాపమూ, పాపం ద్వారా మరణమూ లోకంలో ప్రవేశించాయని చెప్పిన పౌలు, ఆ వాక్యం చివర ఒక చిన్న గ్రీకు పదబంధం వాడాడు. అది కారణాన్ని తెలిపేదనీ, అనగా మనుష్యులు తామే పాపం చేసినందువల్ల మరణం వారికి వచ్చిందని అర్థమనీ నేటి పండితుల్లో అధిక సంఖ్యాకులు అంగీకరిస్తారు. లాటిన్ అనువాదం మాత్రం దానిని ఒక వ్యక్తిని సూచించే మాటగా చదవడానికి వీలిచ్చింది. అగస్టీన్ ఆ వ్యక్తి ఆదామేననీ, ఆదాములోనే మానవజాతి యావత్తూ పాపం చేసిందనీ నిర్ణయించాడు. చిన్నతనంలో గ్రీకు చదువు తనకు రుచించలేదని ఆయనే తన ఆత్మకథలో చెప్పుకున్నాడు! గ్రీకులోనే చదివి గ్రీకులోనే బోధించిన తూర్పు సంఘాలు ఆదాము నుండి మరణం సంక్రమించిందని అన్నాయే గాని, అతని నేరం సంక్రమించిందని అనలేదు. తెలుగునాట చిరకాలంగా వాడుకలో ఉన్న బైబిలు అనువాదం కూడా ఇక్కడ కారణార్థాన్నే ఇచ్చింది.

అయితే ఇంతటి సిద్ధాంతం కేవలం అనువాద దోషం వల్ల పుట్టిందనడం అగస్టీన్‌కు అన్యాయం చేయడమే అవుతుంది. పదహారేళ్ళ వయసులో స్నేహితులతో కలిసి పొరుగువారి చెట్టు నుండి బేరిపండ్లు దొంగిలించిన సంఘటనను ఆయన ఎంతో ఆవేదనతో వివరించాడు. ఆకలి లేదు, ఇంట్లో అంతకంటే మంచి పండ్లే ఉన్నాయి. దొంగిలించినవాటిలో అధికభాగం పందులకు విసరివేశారు. తప్పు చేయడంలోనే ఆనందం కలిగింది. మంచిని ఎరిగి ఉండి కూడా చెడువైపు మొగ్గే ఈ మనసు ఎక్కడిది అన్నది ఆయన ప్రశ్న. ఆయన ప్రత్యర్థి పెలాజియస్, మనిషి తలచుకుంటే దైవాజ్ఞలను పాటించగలడనీ, అసాధ్యమైనదానిని దేవుడు ఆజ్ఞాపించడనీ వాదించాడు. 418లో కార్తేజ్ సభ ఈ వాదాన్ని ఖండించింది. పెలాజియస్ మాట ముస్లిం పాఠకునికి వెంటనే నచ్చవచ్చు. కాని ఆ బేరిపండ్ల ప్రశ్నకు అందులో సరైన సమాధానం లేదు. మానవుడు బలహీనుడుగా సృజించబడ్డాడనీ, మనసు చెడుకు ప్రేరేపిస్తుందనీ దివ్య ఖుర్ఆన్ కూడా చెబుతూనే ఉంది (4:28, 12:53). బలహీనత వేరు, నేరం వేరు. అగస్టీన్ మొదటిదానిని సరిగానే చూశాడు. దానిని రెండవదానిగా మార్చిన చోటనే ఆయన తర్కం దారి తప్పింది.

ఆ మార్పు భారం ఎవరిమీద పడిందంటే, పసిపిల్లలమీద. సంఘం శిశువులకు బాప్తిస్మం ఇస్తున్నది గనుక వారిలో క్షమించవలసిన పాపం ఉండి తీరాలనీ, బాప్తిస్మం పొందక మరణించిన శిశువుకు, ఎంత స్వల్పమైనదైనా, శిక్ష తప్పదనీ ఆయన భావించాడు. ఇటలీలోని ఎక్లానం బిషప్పు జూలియన్ దీనిని తీవ్రంగా ఎదిరించాడు. స్వంత పాపాలనే క్షమించే దేవుడు, పరుల పాపాన్ని శిశువుపై మోపుతాడా అన్నది అతని ఆక్షేపణ సారాంశం. అతనికి వ్రాస్తున్న రెండవ సమాధానం పూర్తికాకముందే అగస్టీన్ మరణించాడు. అటువంటి శిశువుల రక్షణను ఆశించడానికి తగిన ఆధారాలున్నాయని 2007లో కాథలిక్ సంఘపు అంతర్జాతీయ వేదాంత కమిషన్ పత్రం ప్రకటించింది. బిడ్డను పోగొట్టుకున్న తల్లులకు ఈ ఊరట లభించడానికి పదిహేను శతాబ్దాలకు పైగా పట్టింది.

ఇక విశ్వాసం సంగతి. 1522లో వెలువడిన జర్మన్ అనువాదంలో మార్టిన్ లూథర్, రోమీయుల పత్రిక 3:28లో మూలంలో లేని 'మాత్రమే' అనే పదాన్ని చేర్చాడు. భావాన్ని స్పష్టం చేయడానికి జర్మన్ నుడికారం దానిని కోరుతున్నదని తరువాత సమర్థించుకున్నాడు. యాకోబు పత్రిక ఇందుకు విరుద్ధంగా, విశ్వాసం మాత్రమే చాలదంటుంది; ఆ పత్రికపట్ల లూథర్ చిన్నచూపు ప్రసిద్ధమే. అయినా విశ్వాసాన్ని పాపం చేయడానికి అనుమతిపత్రంగా పౌలు ఇచ్చాడనే ఆరోపణ నిలబడదు. ఆ ప్రశ్నను ఆయనే 6వ అధ్యాయంలో లేవనెత్తి తిరస్కరించాడు. విశ్వాసానికీ ఆచరణకూ గల సంబంధం ముస్లిములకు కూడా సులభంగా తేలిన విషయం కాదు. ఘోరపాపం చేసినవాడు అవిశ్వాసి అయిపోతాడని ఖారిజీలు అన్నారు. అతని తీర్పును అల్లాహ్‌కే వదిలివేయాలని ముర్జియాలు అన్నారు. అతడు రెంటికీ మధ్యస్థుడని ముతజిలాలు అన్నారు.

వాస్తవంగా తేలవలసిన ప్రశ్న మరొకటుంది. అదే 5వ అధ్యాయంలో పౌలు ఆదామునూ క్రీస్తునూ ఎదురెదురుగా నిలిపాడు. ఒకరి నేరం మరొకరికి సంక్రమించదంటే, ఒకరి నీతి మరొకరికి ఎలా సంక్రమిస్తుంది? ఒకరి భారాన్ని మరొకరు మోయరన్న ఖుర్ఆన్ సూత్రం (6:164) సరిగ్గా ఇక్కడే ఎదురవుతుంది. పాపాన్ని తీర్చవలసిన రుణంగా భావించిన ఆన్సెల్మ్ (ఆయన గ్రంథం 1098లో పూర్తయింది), దానిని శిక్షగా వివరించిన సంస్కర్తలు ఈ ప్రశ్నను తప్పించుకోలేరు. తూర్పు సంఘాలపై దీని ఒత్తిడి తక్కువ. వారికి సిలువ ప్రధానంగా రుణవిముక్తి కాదు, మరణంపై విజయం. సిలువ మరణమే జరగలేదన్న ఖుర్ఆన్ ప్రకటన (4:157) దృష్ట్యా, వారితో ముస్లిములకు గల వివాదం న్యాయాన్ని గురించినది కాదు, సంఘటనను గురించినది.