గీత కత్తి పనితనం

వాగుల ఒడ్డున తనంతట పెరిగే ఈత చెట్టును మోకు బిగించి ఎక్కే ఈడిగ, మట్టల కింది లేత కాండాన్ని కత్తితో పొరపొరగా చెక్కి, కారే రసాన్ని ముంతలోకి పట్టడమే కల్లు గీత. గాటు మరీ లోతైతే చెట్టుకే ముప్పు కనుక ఆ చేతి నిదానమే అసలు విద్య. రాత్రి ఊరిన రసం తెల్లవారుజామున తియ్యగా ఉండి, ఈస్ట్ అనే సూక్ష్మజీవి అందులోని చక్కెరను ఆల్కహాలుగా మార్చే కొద్దీ ఘాటెక్కి, సాయంత్రానికి పుల్లబడుతుంది. ఇలా ఒక్క రోజులోనే మారిపోయే కల్లుకు భిన్నంగా, ఇటలీలో నెబ్బియోలో ద్రాక్షతో చేసే బరోలో అనే ఎర్ర వైన్ కనీసం 38 నెలలు మాగితేగాని అమ్మకానికి రాదు. దాని వగరు, అనగా టానిన్, కొవ్వున్న మాంసంతో మెత్తబడుతుంది. కల్లుకు ఆ వగరూ లేదు, ఆ ఓపికా లేదు; దాని పులుపు మాత్రం రాయలసీమలో చిప్పగిరి, ఆదోని వైపు జొన్నరొట్టెకూ కారం దట్టించిన పొట్టేలు కూరకూ చక్కగా అమరుతుంది, బొరుగులతో చేసే ఉగ్గాని పక్కన వడ్డించే మిరపకాయ బజ్జీకైతే మరీను.