కూర్చున్న కమాను

ఖాళీగా నిలబడిన పాత పికప్ బండి లోడు మీదున్నట్టు కనిపిస్తే దాని కమాన్లు కూర్చున్నట్టే. మదనపల్లె మార్కెట్టుకు టమాటా క్రేట్లు మోసే పాత బొలెరో పికప్పుల్ని, టాటా 207లను వెనక నుంచి చూడండి. కొన్ని ఒక పక్కకు ఒరిగి ఉంటాయి. చక్రం గుంటలో పడగానే ఇరుసు వెళ్లి ఛాసిస్ కింది రబ్బరు దిమ్మను గుద్దుతుంది, ఆ దెబ్బ డ్రైవరు నడుముకు తెలుస్తుంది. అతను షెడ్డుకు వచ్చి, "కమాన్లు కూర్చున్నాయి మేస్త్రీ, ఇంకో పట్టీ ఎక్కించు" అంటాడు. జబ్బు సరిగ్గానే చెప్పాడు. అడిగిన మందే తప్పు.

పారసీలో కమాన్ అంటే విల్లు. హైదరాబాదులో చార్మినార్ పక్కనున్న చార్ కమాన్‌లో ఆ మాట తోరణమైంది, వయొలిన్ విద్వాంసుల చేతిలో తీగ మీద నడిచే కమాను అయింది, లారీ కిందికి చేరి ఉక్కు పట్టీల కట్ట అయింది. మేస్త్రి కొలత తీసేటప్పుడు చూస్తే ఈ పేరు ఎంత చక్కగా అమరిందో తెలుస్తుంది. విప్పిన కట్టను నేల మీద పక్కకు పడుకోబెడతాడు. పెద్ద పట్టీ రెండు కొసల్లోనూ బుష్ కూర్చునే చుట్టలుంటాయి. ఒక చుట్ట నడిమి నుంచి రెండో చుట్ట నడిమికి దారం బిగించి పట్టుకుంటాడు. అచ్చం నారి కట్టిన విల్లే. దారానికీ పట్టీకీ మధ్య లోతు ఎంతుందో స్కేలు పెట్టి చూస్తాడు. కుడి కట్టకు ఎంతో ఎడమ కట్టకూ అంతే రావాలి.

కూర్చున్న కమానుకు బలం పోయిందని చాలామంది అనుకుంటారు. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. నిజానికి ఉక్కు బిగువు ఏళ్లు గడిచినంత మాత్రాన తగ్గదు. కొత్తలో వంద కిలోలు వేస్తే కట్ట ఎంత దిగేదో ఇప్పుడూ అంతే దిగుతుంది. పోయింది వంపు. మోయాల్సిన దానికంటే ఎక్కువ బరువు వేసుకుని గుంటల్లో దూకినప్పుడల్లా పట్టీ తన హద్దు దాటి వంగి, వెంట్రుకవాసి తక్కువగా వెనక్కు వస్తుంది. ఆ వెంట్రుకవాసులన్నీ పోగుపడి అంగుళాలవుతాయి. తుప్పు తిన్న పట్టీల సంగతి మాత్రం వేరు. 8 మిల్లీమీటర్ల పట్టీ అరిగి 7.2కు వస్తే పోయింది పదో వంతు మందమే, కానీ బిగువు మందానికి ఘనంగా మారుతుంది కాబట్టి నాలుగో వంతుకు పైగా పోతుంది. అలాంటి పట్టీని సాగదీసి వంచినా లాభం లేదు, మార్చాల్సిందే.

ఈ తేడా తెలియకే ఊరూరా అదనపు పట్టీలు ఎక్కిస్తున్నారు. ఐదు పట్టీల కట్టకు అంతే మందం, అంతే పొడవున్న ఆరోది చేరిస్తే బిగువు సుమారు ఐదో వంతు పెరుగుతుంది. బండి లేచినట్టు కనిపిస్తుంది. ఖాళీగా తిరిగేటప్పుడు మాత్రం ఎగిరెగిరి పడుతుంది, ఆ దెబ్బలన్నీ ఛాసిస్ బ్రాకెట్లు తింటాయి. పైగా చదునైన పాత పట్టీల మధ్య బాగా వంపున్న కొత్త పట్టీ ఒక్కటే బరువును మీద వేసుకుని అందరికంటే ముందు విరుగుతుంది.

మంచి మేస్త్రి కట్ట విప్పుతాడు. విప్పడంలోనే ప్రమాదం ఉంది. పట్టీలన్నీ ఒకదాన్నొకటి నెట్టుకుంటూ ఉంటాయి కాబట్టి కట్టను గట్టిగా బిగించి పట్టుకున్నాకే, వాటిని నడుమ కలిపి పట్టే సెంటర్ బోల్టును వదులు చేయాలి. విడివడ్డాక వాటిని వరసగా పేర్చి చూస్తే ఈ విద్యలోని అందం బయటపడుతుంది. పట్టీల వంపు ఒకేలా ఉండదు. పొట్టి పట్టీకి దాని పైనున్న పొడుగు పట్టీ కంటే వంపు కొంచెం ఎక్కువ. ఊరికే ఒకదాని కింద ఒకటి పెడితే కొసలు తాకుతాయి, నడుమ సందు ఉంటుంది. బోల్టు బిగించినప్పుడు ఆ సందు మూసుకుంటూ, కింది పట్టీలు పెద్ద పట్టీని లోడు వంచే దిక్కుకు ఎదురుగా ముందే వంచి ఉంచుతాయి. బ్రేకు కొట్టినప్పుడూ మలుపు తిరిగినప్పుడూ అదనపు గుంజుడు పడేది పెద్ద పట్టీకే. అందుకే బరువు విషయంలో దానికి ముందుగానే కాస్త ఊరట ఇచ్చి పెడతారన్నమాట. అన్ని పట్టీలనూ ఒకే అచ్చుకు కొట్టేసే షెడ్డులో ఈ ఊరట కాస్తా పోతుంది. అక్కడ బాగు చేయించిన బండి చూపుకు లేచి ఉన్నా పెద్ద పట్టీ తొందరగా విరిగేది ఇందుకే.

సుత్తి ఎత్తడానికి ముందు పగుళ్లు వెతకాలి. పట్టీని వేలాడదీసి తడితే బాగున్నది ఖంగుమంటుంది, పగిలినది మొద్దుగా పలుకుతుంది. అనుమానం తీరకపోతే కిరసనాయిలు పూసి, శుభ్రంగా తుడిచి, సుద్దపొడి చల్లుతారు. పగులులో దాగిన నూనె పొడిలోకి ఊరి సన్నని గీతై కనిపిస్తుంది. గీత కనిపించిన పట్టీ ఇక బండికి పనికిరాదు. దాన్ని వెల్డింగు చేసి బిగించేవాళ్లున్నారు. అది మనుషుల ప్రాణాలతో ఆట. వెల్డింగు వేడికి అతుకు పక్కనున్న ఉక్కు పెళుసెక్కి, లోడు మీద ఆ పక్కనే పుటుక్కుమంటుంది.

నిలిచిన పట్టీలను చల్లగానే లేపవచ్చు. నడుమ లోతున్న ఇనుప దిమ్మ మీద వంపు లోపలి ముఖం పైకి వచ్చేలా పెట్టి, గుండ్రని మూతి ఉన్న సుత్తితో ఆ ముఖం మీద వరసగా, దగ్గర దగ్గరగా కొట్టుకుంటూ పోతారు. ఒక్కో దెబ్బకు వచ్చే వంపు కంటికి ఆనదు. తొందరపడి ఒకేచోట బాదితే పట్టీ అక్కడ మడత పడుతుంది. మూతి గుండ్రంగానే ఎందుకంటే, లోడు పడ్డప్పుడు సాగేది ఆ లోపలి ముఖమే, పదునైన నొక్కు ఒక్కటున్నా పగులు అక్కడే మొదలవుతుంది. గుండ్రని దెబ్బ పై పొరను నొక్కిపెట్టి పగుళ్లకు అడ్డుపడుతుంది. ఫ్యాక్టరీల్లో ఉక్కు గుళ్లు విసిరి చేసే పని కూడా ఇదే.

మరీ చదునైపోయిన పట్టీకి కొలిమి కావాలి. పట్టీ మొత్తం ఒకే ఎరుపుకు, సుమారు 850 డిగ్రీలకు రావాలి. అయస్కాంతానికి అంటుకోవడం మానేసిందంటే 770 దాటినట్టు, ఇంకొంచెం వేడి పట్టాలి. వంపు ఇచ్చి నూనెలో ముంచితే గాజులా పెళుసవుతుంది. ఆ పెళుసు దించడానికి మళ్లీ 450, 500 డిగ్రీల మధ్య కాచాలి. కత్తికి పదును పెట్టే కమ్మరి గడ్డిపసుపు, ఊదా, నీలం రంగులు చూసి ఆగుతాడు. కమానుకు కావాల్సిన వేడి ఆ రంగులన్నీ దాటిపోయాక వస్తుంది. అందుకే పాతవాళ్లు ఎండుపుల్లతో పట్టీ మీద రుద్ది చూసేవారు. పుల్ల పొగలు కక్కి నిప్పురవ్వలు రాలితే చాలు, తీసేయాలి. ఇవేవీ లేకుండా గ్యాసు మంటతో నడుమ మాత్రం ఎర్రగా కాల్చి వంచితే అక్కడి ఉక్కు మెత్తబడి వారంలో మళ్లీ కూర్చుంటుంది.

లేపిన కట్టను ప్రెస్సు కింద రెండు మూడుసార్లు చదునయ్యేదాకా నొక్కి వదలాలి. కొంచెం దిగుతుంది, అందుకే ముందే కావాల్సిన దానికంటే కాస్త ఎక్కువ వంచి ఉంచుతారు. తర్వాత మళ్లీ దారం, మళ్లీ స్కేలు. పట్టీల మధ్య తుప్పు గీకి గ్రాఫైట్ గ్రీజు రాస్తారు. కాలిన ఇంజనాయిలు పోయడం మన దగ్గర పాత అలవాటు. అది రబ్బరు బుష్‌లను ఉబ్బించి తినేస్తుంది, మానుకోవాలి.

కట్టను ఇరుసుకు బిగించే యూ బోల్టులు మాత్రం కొత్తవి వేయించండి. ఒకసారి సాగిన బోల్టు మళ్లీ అంత బిగువు పట్టదు. అవి వదులైతే కట్ట నడుమ ఆడుతుంది, సెంటర్ బోల్టు రంధ్రం దగ్గర పట్టీలు విరుగుతాయి. ఆ సెంటర్ బోల్టే తెగితే ఇరుసు పక్కకు జరిగి బండి ఏటవాలుగా నడుస్తుంది. రెండు లోడ్లు తోలాక తిరిగి రమ్మని మేస్త్రి చెబితే విసుక్కోకుండా వెళ్లాలి. పట్టీలు ఒకదాని మీద ఒకటి సర్దుకుని ఉంటాయి, యూ బోల్టులకు ఇంకో అరచుట్టు పడుతుంది.