సంతకం నాది, వేషం వాడిది

అమీర్‌పేటలో మైత్రీవనం ముందు వేలాడే ఫ్లెక్సీలు చదువుకుంటూ నడవడం నాకు చాలా ఏళ్ళ అలవాటు. జావా, ఒరాకిల్ పోయి పైథాన్, డేటా సైన్స్ వచ్చాయి గాని ఆ రద్దీ మాత్రం అదే. పిహెచ్.డి. చేసే రోజుల్లో ఆ వెనక సందుల్లోనే ఒక లేడీస్ హాస్టల్లో ఉండేదాన్ని. 2018లో మా అక్క కొడుకుని చెయ్యి పట్టుకుని అదే సందులో ఒక డాన్స్ స్కూల్ మేడమీదికి తీసుకెళ్ళాను. పిల్లల టీవీ షో ఒకదానికి ఆడిషన్. వాడికప్పుడు తొమ్మిదేళ్ళు. అక్కకి డ్యూటీ ఉండటంతో కాగితాల మీద గార్డియన్‌గా సంతకం పెట్టింది నేనే.

ఛానెల్ పేరు గాని, షో పేరు గాని, వాడు చేసిన పాట పేరు గాని ఇక్కడ రాయను. రాస్తే రెండు నిమిషాల్లో ఆ క్లిప్పు దొరికిపోతుంది.

వాడికి డాన్సంటే ప్రాణం. ఎవరూ నేర్పకుండానే హీరోయిన్ భాగాలు పట్టేవాడు. వాళ్ళమ్మ చున్నీ నడుముకి చుట్టుకుని అద్దం ముందు గంటలు గంటలు గడిపేవాడు. ఆడిషన్లో అదే చేశాడు. కో-ఆర్డినేటర్ మొహం వెలిగిపోయింది. "బాబు చాలా ఎక్స్‌ప్రెసివ్ మేడమ్" అన్నాడు. నేను పొంగిపోయాను. షూటింగ్ రోజు వెళ్తే డాన్సు కాస్తా స్కిట్ అయిపోయింది. లంగావోణీ, సవరం, చేతినిండా గాజులు. పెళ్ళిచూపుల్లో కూర్చున్న అమ్మాయి వేషం. వాడు సంతోషంగానే వేసుకున్నాడు, అది కూడా చెప్పాలి. స్కిట్ అయ్యాక యాంకర్ మోకాళ్ళ మీద కూర్చుని, మైకు వాడి నోటి దగ్గర పెట్టి, "ఇంతకీ నువ్వు బాబువా, పాపవా?" అని అడిగాడు.

వాడు ఏమీ చెప్పలేదు. లైట్ల అవతల నాకోసం వెతికాడు. ఆ చూపు మీదనే కట్ చేసి ప్రేక్షకుల నవ్వు చూపించారు. మూడో వరసలో నేనున్నాను. నవ్వుతున్నాను.

ఇక్కడొక సాంకేతిక విషయం చెప్పాలి. ఆ రోజు షూటింగ్ మొదలవ్వకముందే ఫ్లోర్ మేనేజర్ మా అందరిచేతా చప్పట్లు కొట్టించాడు, ఆశ్చర్యపోయించాడు, పగలబడి నవ్వించాడు. ఎదురుగా స్టేజీ మీద ఎవరూ లేరు. ఆ నవ్వుల్ని దాచుకుని ఎడిటింగులో కావలసిన చోట అతుకుతారు. కాబట్టి ఆ క్లిప్పులోని నా నవ్వు, ఆ ప్రశ్నకి నవ్విన నవ్వో, గంట ముందు ఖాళీ స్టేజీని చూసి నవ్విన నవ్వో నాకు నిజంగా తెలీదు. ఎన్నిసార్లు చూసినా తేల్చుకోలేకపోయాను. వాడికి మాత్రం ఒకటే తెలుసు. తను బెదిరి చూసినప్పుడు పిన్ని నవ్వింది.

ఈ రకం షోల గురించి మనవాళ్ళు రాసిన విమర్శల్లో ఎక్కువ భాగం ఆడపిల్లల చుట్టూ తిరిగాయి. 2000ల మధ్యనుంచి 'ఆట' లాంటి డాన్సు పోటీలు, తర్వాత వాటి జూనియర్ రూపాలు వచ్చినప్పుడు, ఏడేళ్ళ పిల్లలచేత ఐటం సాంగుల కదలికలు చేయించడం మీద అభ్యంతరాలు లేచాయి. అవి న్యాయమైనవే. 2019 జూన్‌లో కేంద్ర సమాచార ప్రసార శాఖ ప్రైవేటు ఛానెళ్ళకిచ్చిన సలహాపత్రం కూడా ప్రధానంగా దీని మీదే. పిల్లల్ని అసభ్యంగా, వయసుకి తగని విధంగా చూపించవద్దని. కానీ అసభ్యత అన్నమాట పట్టుకుంటే చూపు వెంటనే ఆడపిల్ల ఒంటిమీదికి, ఆమె బట్టల మీదికి పోతుంది. దాన్ని కప్పేస్తే సమస్య తీరిపోయిందనిపిస్తుంది. మా వాడి ఒళ్ళంతా కప్పే ఉంది. అందులో అసభ్యమేమీ లేదు. ఏ సెన్సారూ అభ్యంతర పెట్టదు. జరిగింది పరిహాసం. దాన్ని పట్టుకునే మాట ఆ పత్రం ఇచ్చినట్టు నాకు కనిపించలేదు.

నా నేరం ఇంకా లోతైనది. అప్పుడు నేను రాస్తున్న సిద్ధాంత గ్రంథం తెలుగు నాటకంలో స్త్రీ పాత్రధారణ గురించి! స్థానం నరసింహారావు (1902-1971), కూచిపూడి సత్యభామగా వేదాంతం సత్యనారాయణ శర్మ (1935-2012) - నా బల్ల నిండా వీళ్ళే. పురుషుడు స్త్రీ వేషం కట్టడమంటే జెండర్ అనేది సహజం కాదు, అభినయం అని నిరూపించడమే అని ఉత్సాహంగా రాసుకుంటున్నాను. మా వాణ్ణి తీసుకెళ్తూ దారిలో స్థానం వారి కథ చెప్పాను కూడా. మన దగ్గర దీనికెంత గౌరవముందో చూడు నాన్నా అని. స్థానం వారికి 1956లో పద్మశ్రీ వచ్చింది.

ఆ గౌరవం ఎవరికి దక్కిందో అప్పుడు ఆలోచించలేదు. మరుసటి ఏడాది, 2019లో, హర్షిత కామత్ కూచిపూడి మీద రాసిన 'ఇంపర్సనేషన్స్' వచ్చింది. ఆ గ్రామపు బ్రాహ్మణ పురుషులకి స్త్రీ వేషం పురుషత్వాన్ని తగ్గించేది కాదు, దాన్నీ కుల ప్రతిష్ఠనీ నిలబెట్టేది అన్న వాదన చదువుతుంటే నా అధ్యాయం ఒకటి చేతిలో కూలిపోయినట్టయింది. వేషం విప్పాక సత్యనారాయణ శర్మగారిని ఎవరూ 'నువ్వెవరు?' అని అడగలేదు. ఆయన వేషం కట్టింది సాధనతో, ఊరంతా తలవంచే విద్యగా. తొమ్మిదేళ్ళ పిల్లవాడికి, కులం వెన్నుదన్ను లేనివాడికి, అద్దె లంగావోణీలో ఆ రక్షణ ఎక్కడుంది? సిద్ధాంతం అందరికీ ఒకటే అనుకోవడం చదువుకున్నవాళ్ళ జబ్బు.

మరోవైపు 2013లో మొదలైన 'జబర్దస్త్' ఆడవేషాన్ని ప్రతివారం నవ్వుకి సరుకు చేసింది. ఆ వేషాలతో పేరు తెచ్చుకున్న ప్రియాంక సింగ్ ట్రాన్స్ మహిళగా 2021లో 'బిగ్ బాస్' అయిదో సీజనుకి వెళ్ళింది. తన కథ తను చెప్పుకుంది, పెద్దయ్యాక, తన నోటితో. పిల్లలకి ఆ వ్యవధి ఇవ్వం. వాళ్ళకింకా పేరు తెలియని దానికి మనమే ముందు నవ్వు పేరు పెట్టేస్తాం.

అసలు పిల్లల కార్యక్రమమంటే ఎప్పుడూ ఇలాగే ఉండాలా? రేడియో అన్నయ్య, అక్కయ్య - న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు - ఆకాశవాణిలో నడిపిన 'బాలానందం'లో పిల్లల గొంతులే వినిపించేవి. మొహం లేదు. తప్పు పాడినా సోమవారం బడిలో ఎవరూ వేలెత్తి చూపించలేరు. పాత రోజుల మీద మోజుతో అనడం లేదు, ఆ గొంతులు ఏ ఇళ్ళ పిల్లలవో కూడా చూడాలి. కానీ గాలిలో కలిసిపోయే గొంతుకీ, సర్వర్లో నిలిచిపోయే మొహానికీ తేడా ఉంది. 1996లో ఈటీవీలో 'పాడుతా తీయగా' మొదలైనప్పుడు కూడా ఎపిసోడ్ ఒకసారి వచ్చి పోయేది. ఇప్పుడు ఏదీ పోదు.

బయట దేశాల్లో ఇదే విషయాన్ని గంభీరంగా తీసుకున్న ప్రయత్నాలు చూశాను. బీబీసీ పిల్లల ఛానెల్ 2014లో 'ఐ యామ్ లియో' ప్రసారం చేసింది. ఒక ట్రాన్స్ అబ్బాయి తన సంగతి తోటి పిల్లలకి తనే చెప్పుకుంటాడు. సెబాస్టియన్ లిఫ్షిట్జ్ ఫ్రెంచి డాక్యుమెంటరీ 'పెతీత్ ఫీయ్' (2020)లో ఎనిమిదేళ్ళ పాప, డాక్టరు ముందు కూర్చుని, బడి గురించి అడిగితే మాట రాక కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంది. కెమెరా ఆ మొహానికి దగ్గరగానే ఉండిపోతుంది. ఎంతో ప్రేమగా తీసిన సినిమా అది, ఎవరూ నవ్వరు. అయినా ఆ క్లోజప్ దగ్గర నేను కళ్ళు తిప్పుకున్నాను. పరిహాసం చెడ్డది, సానుభూతి మంచిది అని తేల్చేస్తే సరిపోదనిపించింది. ఆ కన్నీళ్ళు చూసి నేను మంచిదాన్నవుతున్నాను, ఖర్చు ఆ పాపది.

మన చట్టం ఏమంటుందో చూద్దామని ఆలస్యంగా, చాలా ఆలస్యంగా, చదివాను. బాలకార్మిక చట్టానికి 2016లో సవరణ వచ్చినప్పుడు బాల కళాకారులకి మినహాయింపు ఇచ్చారు. 2017 నిబంధనల ప్రకారం జిల్లా మేజిస్ట్రేటు అనుమతి ఉండాలి. రోజుకి అయిదు గంటలు మించకూడదు, విరామం లేకుండా మూడు గంటలు మించకూడదు. వచ్చిన ఆదాయంలో కనీసం 20 శాతం పిల్లల పేర బ్యాంకులో వెయ్యాలి. మా వాడికి వచ్చింది ఒక గిఫ్టు హాంపరు. అందులో అయిదో వంతంటే రెండు బిస్కెట్ పాకెట్లేమో. అదే నిబంధనల్లో ఇంకొక వాక్యముంది. పిల్లల ఇష్టానికీ, సమ్మతికీ విరుద్ధంగా వాళ్ళచేత పాల్గొనిపించకూడదని. పిల్లల సమ్మతి! నేను సంతకం పెట్టిన నాలుగు పేజీల కాగితంలో వాడు సంతకం పెట్టడానికి ఒక్క గీత కూడా లేదు. 2023లో పార్లమెంటు చేసిన డేటా రక్షణ చట్టంలోనూ పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లల తరఫున సమ్మతి తల్లిదండ్రులదో, గార్డియన్‌దో. పిల్లల ఇష్టానికి పెద్దలు ఎప్పుడూ అడ్డుపడతారనే మనకి తెలుసు. పెద్దలు మురిసిపోయి ముందుకి తోసినప్పుడు ఎవరు ఆపాలి?

వాడిప్పుడు ఇంటర్ రెండో సంవత్సరం. పంజాగుట్టలో ఉంటారు. సాయంత్రాలు మెట్రోలో ఒక్క స్టేషను దాటి అమీర్‌పేటకి ట్యూషన్‌కి వస్తాడు. కాలేజీలో ఎవరో ఆ క్లిప్పు తవ్వితీసి గ్రూపులో పెట్టారు. అక్క ఏడ్చింది. ఎలాగైనా తీయించమని బావగారు నామీద పడ్డారు. ఛానెల్‌కి మూడు ఉత్తరాలు రాశాను, జవాబు లేదు.

పంజాగుట్ట చౌరస్తా దగ్గర ఒక టిఫిన్ సెంటర్లో వాడితో కూర్చున్నాను. ఆ వేషం వేయించినందుకు క్షమించమని అడగడానికి సిద్ధపడి వెళ్ళాను. వాడు దోసె తుంచుతూ, "లంగావోణీ బానే ఉంది పిన్నీ. అమ్మావాళ్ళు దాని గురించే గొడవ పడుతున్నారు. అది నాకిష్టమే. వాడెందుకు అలా అడిగాడు? డాన్స్ ఎందుకు తీసేశారు?" అన్నాడు.

మా ఇంట్లో అందరం, నాతో సహా, బట్టల దగ్గరే ఆగిపోయాం. వాడికి కావలసింది ఆ డాన్సు.

వాడేమిటో నేను ఇక్కడ చెప్పను. వాడూ నాకు చెప్పలేదు, నేను అడగలేదు. ఆ ప్రశ్న ఒకసారి మైకులో అడిగారు, చాలు.

ఈ వ్యాసం రాయనా అని వాణ్ణీ అక్కనీ అడిగాను. అక్క వెంటనే ఒప్పుకుంది. వాడు చదివాకే చెప్తానన్నాడు. ఫోన్లోనే చదివి రెండు పేరాలు కొట్టేశాడు. అవి నాకు బాగా నచ్చిన పేరాలు. తర్వాత, "నీ పేరు వేస్తారా దీనికి?" అనడిగాడు. వేస్తారన్నాను. "మరి నీ అక్క కొడుకంటే నేనేగా?"

దానికి నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి ఇద్దరం కూర్చుని ఇందులో కొన్ని వివరాలు మార్చాం. ఏవి మార్చామో వాడికీ నాకూ తెలుసు.